బోర్డు లేని గది

రిటైరైన రోజు బ్యాగు అప్పజెప్పాను, టికెట్ మెషిన్ అప్పజెప్పాను, విజిల్ మాత్రం ఇవ్వలేదు. ఎవరూ అడగలేదు కూడా. అది నా సొంతం. ఇప్పుడు మా ఇంట్లో అద్దం పక్కన మేకుకు వేలాడుతోంది. మధ్యాహ్నం కునుకు పట్టినప్పుడు ఒక్కోసారి అది మోగినట్టు వినబడుతుంది. ఒకసారి మోగితే కల ఆగుతుంది, రెండుసార్లు మోగితే కదులుతుంది. హోసూరు నుంచి కృష్ణగిరికి, కృష్ణగిరి నుంచి హోసూరుకు జీవితమంతా తిరిగిన కండక్టరుకు కలలు కూడా అట్లాగే వస్తాయి, ఏం చేస్తాం.

ఇప్పుడు డ్యూటీలో చేరే పిల్లలకు తలుపులు వాటంతటవే మూసుకునే బస్సులు వచ్చాయి. కాబట్టి పాత పద్ధతి కాస్త చెప్పాలి. ఒక విజిల్ ఆగమని, రెండు విజిల్స్ పొమ్మని. విజిల్ చేతిలో లేకపోతే పోదాం పద అన్నట్టు అరవంలో "పోలాం, రైట్" అని అరవాలి. ముందు కూర్చున్న డ్రైవరుకు వెనక మెట్టు మీద ఎవరున్నారో తెలియదు. బుట్ట పైకెత్తలేక అవస్థపడే ముసలమ్మ ఉందేమో, చంకలో బిడ్డతో దిగుతున్న తల్లి ఉందేమో. అది చూడవలసింది నేను. రెండు విజిల్స్ వినబడేదాకా మంచి డ్రైవరు కాలు కదలదు. మొదట్లో అది రూలు. కొన్నేళ్ళు పోయాక అది ఒంటికి పట్టేస్తుంది.

నేను చెప్పబోయేది అట్లాంటి మంచి డ్రైవరు సంగతి. పేరు చెప్పను. పేరూ కులమూ ఊరూ అడగకుండా వచ్చినవాడి చేతికి టీ గ్లాసు ఇచ్చే గది ఒకటుంది. ఆ గది వాకిట్లో నేర్చుకున్న మర్యాద ఇది.

ఆయన నాకంటే కాస్త పెద్ద, అందుకే అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను అప్పా అనేవాడు. ఎన్నో ఏళ్ళు ఒకే బస్సులో చేశాం. తెల్లవారి మొదటి ట్రిప్పు మాది. చలికాలం హోసూరులో మంచు ఎట్లా ఉంటుందంటే, బస్సు ముందర రోడ్డు ఉందన్న నమ్మకం మీదే పోవాలి. గులాబీ తోటలకు పోయే ఆడవాళ్ళు, ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టు దిగి ఊరికి పోయే పిల్లలు ఎక్కేవాళ్ళు. ఊరు దాటకముందే అందరూ నిద్ర. శూలగిరి కొండ మంచులో నుంచి సగమే కనబడేది, కింది సగం ఎవరో తుడిచేసినట్టు. కృష్ణగిరి దగ్గరపడేసరికి ఎండ వచ్చేది, మామిడి తోపులు వచ్చేవి. పూత కాలంలో ఆ వాసనకు నిద్రపోయేవాళ్ళు కళ్ళు మూసుకునే ముఖం కిటికీ వైపు తిప్పేవాళ్ళు. అంతమంది నిద్రను మోసుకుంటూ ఆయన ఒక్క కుదుపు లేకుండా తోలేవాడు. ఆ బస్సులో మెలకువగా ఉన్నది మేమిద్దరమే అనిపించేది. మాట్లాడుకున్నది మాత్రం తక్కువ. ఆయన ముందు, నేను వెనక, మధ్యలో విజిల్.

ఆయన తాగుతాడని అందరికీ తెలుసు. డ్యూటీలో ముట్టేవాడు కాదు, ఇంటికి పోయాకే. అదే ఆయన ధైర్యం. ఒకరోజు పొద్దున డిపోలో ఊదే మెషిన్‌లో ఊదితే అది ఒప్పుకోలేదు. రాత్రిది ఇంకా రక్తంలో తిరుగుతోంది.

"నిన్నటిదప్పా అది. స్టీరింగు తావ నేను ఎప్పుడన్నా ముట్టినానా? నువ్వే చెప్పు" అన్నాడు నాతో.

"ముట్టలేదన్నా. మెషిన్‌కు ఆ సంగతి తెలీదు కదా" అన్నాను.

కొన్నాళ్ళు సస్పెండ్ చేశారు. తిరిగి తీసుకునేటప్పుడు డిపో మేనేజరు, చాలా నెమ్మదైన మనిషి, తమిళంలో ఒక్క మాట చెప్పాడు. ఇంకోసారి ఈ మెషిన్ మోగితే ఈ జన్మలో మళ్ళీ స్టీరింగు పట్టనివ్వను అని. అరిచి ఉంటే ఆయన మరిచిపోయేవాడేమో. నెమ్మదిగా చెప్పేసరికి మా డ్రైవరన్న ముఖంలో నెత్తురు లేదు. ఆయనకు వేరే పని రాదు, వేరే కోరికా లేదు. ఇంట్లో పండగ రోజు కూడా ఆ మనిషి కుడికాలు నేల మీద ఊరికే ఉండదు, యాక్సిలరేటరు వెతుకుతూ ఉంటుంది.

పట్టుదలగా కొన్ని రోజులు మానేవాడు. చేతులు వణికేవి, నిద్ర ఉండేది కాదు. వీక్లీ ఆఫ్ వస్తే మళ్ళీ మొదలు. ప్రతి ఉదయం ఆ మెషిన్ ముందు నిలబడినప్పుడు ఆయనకంటే నాకే గుండె ఎక్కువ కొట్టుకునేది. చివరకు ఒక డాక్టరమ్మ దగ్గరకు తీసుకుపోయాను. మాత్రలు రాసి, ఇవి చేతుల వణుకుకే, మనసుకు కాదు అంది. ఒంటరిగా మానడం కష్టం, మానుతున్నవాళ్ళు వారం వారం ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటారు, అక్కడికి పొమ్మంది. హోసూరులో ఆదివారం పూట జరుగుతుందని విన్నదట. సరిగ్గా ఎక్కడో ఆమెకూ తెలియదు.

"నేనుండాను కదన్నా. ఈ ఊర్లో నాకు తెలీని సందు ఉండాదా?" అన్నాను గొప్పగా.

ఉంది మరి.

ఆ ఆదివారం ఇద్దరికీ ఆఫ్. మంచు ఇంకా విడలేదు. ఖాకీ లేకుండా నడుస్తుంటే మా ఊరే మాకు కొత్తగా ఉంది. నేను ఒకటే వెతుకుతున్నాను, బోర్డు. బస్సుకు బోర్డు ఉంటుంది, స్టాపింగుకు బోర్డు ఉంటుంది. బోర్డు లేని చోటు ఒకటుంటుందని నా బుర్రకు తట్టలేదు. స్కూళ్ళ బోర్డులు, ఆస్పత్రుల బోర్డులు, మూడు భాషల్లో ఇడ్లీ బోర్డులు చదువుకుంటూ పోయాం. ఒక మేడ మెట్ల దగ్గర టై కట్టుకున్న అబ్బాయి మమ్మల్ని చూసి, "మీటింగుకే కదా సార్, రండి రండి" అని చేతులు పట్టుకుని పైకి తీసుకుపోయాడు. మెత్తటి కుర్చీలు, టీ, బిస్కెట్లు. ఎంత ఆదరణ అనుకున్నాను. దీపాలు ఆర్పి తెర మీద బొమ్మలు వేశారు. వెడల్పాటి రోడ్లు, నీళ్ళు చిమ్మే ఫౌంటెన్లు, సైకిళ్ళు తొక్కే పిల్లలు. బాగలూరు రోడ్డులో కొత్త లేఔటు అట. జనం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. మా అన్న నా చెవి దగ్గరకు వంగాడు.

"ఈడుండే వాళ్ళంతా నాకంటే ఎక్కువ మత్తులో ఉండారప్పా. పోదాం పా."

ఆ రోజు మేం నవ్విన నవ్వు అదొక్కటే. నవ్వుకుంటూనే దిగి, ఒక టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. పక్కన ఒక బస్సు ఇంజను ఆన్ చేసుకుని రొద పెడుతోంది. ఆ రొదలో నాకు తెలిసిన పద్ధతిలో గొంతెత్తి అడిగాను.

"ఏమప్పా, తాగుడు మానేవాళ్ళ మీటింగు యాడ జరుగుతాది? మా డ్రైవరన్న పోవాల."

నేను నోరు తెరిచిన క్షణానికే ఆ బస్సు ఇంజను ఆపేశారు. ఎక్కినవాళ్ళను లోపలికి జరపడానికి, శూలగిరి శూలగిరి అని బస్‌స్టాండు మొత్తానికి వినిపించడానికి అలవాటుపడిన గొంతు నాది. దానికి బ్రేకు లేదు. కొట్టులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. వాళ్ళలో సగం మంది మా బస్సు జనమే.

టీ కొట్టాయన పాలు తిరగబోస్తూ, తల ఎత్తకుండా, "తాగేవాళ్ళు చేరే చోటైతే ఆ మూలన ఉండాది. మధ్యాన్నం తెరుస్తారు" అన్నాడు.

"తాగేవాళ్ళు కాదప్పా, మానేవాళ్ళు."

"మానేవాళ్ళకి చోటేంటికి? ఇంట్లో ఉంటే సరిపోదా?"

అందరూ నవ్వారు. చెడ్డగా ఏం కాదు, ఊరికే. నేను తిరిగి చూసేసరికి బెంచీ మీద సగం తాగిన టీ గ్లాసు ఉంది, మనిషి లేడు. మంచులో ఎటు పోయాడో తెలియలేదు. మూలనున్న సారాయి షాపు దాకా పరుగెత్తాను. ఇంకా షట్టరు తీయలేదు. ఆ మూసిన షట్టరును చూసి అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

మా పక్క ఇదొక వింత. రోడ్డు పక్కన పడి ఉన్న రోజుల్లో ఆయన్ను చూడనివాళ్ళు లేరు. లేపి ఇంటికి పంపినవాళ్ళు కూడా ఆ టీ కొట్టు జనమే. అప్పుడు ఆయనకు సిగ్గు వేయలేదు. మానాలనుకుంటున్నాడని నలుగురికీ తెలిసేసరికి సిగ్గుతో చచ్చిపోయాడు. తాగేవాణ్ణి చూసి మావాళ్ళు ఆశ్చర్యపోరు. మానుతానన్నవాడి ముఖమే నిలబడి చూస్తారు.

ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. కోపం కూడా చూపలేదు. పొద్దున వచ్చేవాడు, ఊదేవాడు, ఎక్కేవాడు. నేను ఒక విజిల్ వేస్తే ఆపేవాడు, రెండు వేస్తే కదిలించేవాడు. మాటలు లేకుండా ఒక బస్సు ఎంత దూరమైనా పోగలదని ఆ రోజుల్లో తెలిసింది. మంచులో నుంచి ఎండలోకి, ఎండలో నుంచి మంచులోకి పోతూ ఉండేవాళ్ళం. ఒక్కోసారి టికెట్లు కొడుతూ నేనే నిద్రలో ఉన్నానేమో అనిపించేది. అద్దంలో ఆయన కళ్ళు కనబడేవి. అవి నన్ను చూసేవి కావు.

మా బస్సులో రోజూ చామంతి మూటలతో ఎక్కే పూలమ్మ ఒకామె ఉండేది. శూలగిరి దగ్గర ఎక్కి కృష్ణగిరి మార్కెట్టుకు పోయేది. ఒకరోజు టికెట్ తీసుకుంటూ నా చొక్కా చెయ్యి పట్టి కిందికి లాగింది.

"అప్పా, ఇట్ల వంగు. నువ్వు హోసూరులో దేనికో వెతికితివంట కదా."

"ఎవరు చెప్పినారమ్మా?"

"నువ్వు చెప్పినావు. ఊరంతా వినపడింది. మా ఇంటాయన అట్లాంటి గదికే పోతాడు, కృష్ణగిరిలో. ఆదివారం మధ్యాన్నం. స్కూలు ఎనక పెంకుల గది. బోర్డు ఉండదు. కిటికీలో టీ క్యాను ఉంటాది, వాకిట్లో చెప్పులు ఉంటాయి. అదే గుర్తు."

"బోర్డు ఏంటికి పెట్టలేదమ్మా?"

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "నీ మాదిరి గొంతుండేవాళ్ళు ఉంటారనే" అంది. తర్వాత మూట మీద చెయ్యి వేసి, మెల్లగా, "ఆయన మానినాక మా ఇంట్లో రాత్రిపూట అందరమూ నిద్రపోతా ఉండామప్పా. పిలుచుకోని పో. ఈసారి అరవద్దు" అంది. అరవనమ్మా అని మాటిచ్చాను.

తర్వాత తెలిసిన సంగతి ఒకటి ఇక్కడే చెప్పేస్తాను. హోసూరు గది ఆ టీ కొట్టు వెనకే ఉండేదట. ఆ గదికి టీ పంపేది కొట్టాయనే. అంత గట్టిగా అడిగినవాడికి దారి చెప్పకూడదని ఊరుకున్నాడు. ఆయనకు మర్యాద తెలుసు.

వచ్చిన ఆదివారం మాకు డ్యూటీ ఉంది. మధ్యాహ్నం ట్రిప్పుకు కృష్ణగిరి చేరితే, మళ్ళీ బయలుదేరేలోపు భోజనానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. జనం దిగిపోయాక నేను ముందుకు పోయి ఆయన సీటు పక్కన నిలబడ్డాను.

"అన్నా, దిగు. రవంత దూరం నడిచేది ఉండాది."

యాడికి అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. నా ముఖం చూశాడు, దిగాడు. బస్‌స్టాండు దాటి, మామిడి మండీల వెనక సందులో పడ్డాం. పూత కాలం. సన్నగా తుంపర మొదలైంది, ఎండ పోలేదు. ఆ తుంపరలో ఆ వాసన ఎంత దట్టంగా ఉందంటే నీళ్ళలో నడుస్తున్నట్టు ఉంది. నేను ఎవరినీ ఏమీ అడగలేదు. స్కూలు వచ్చింది, వెనక పెంకుల గది వచ్చింది. కిటికీలో స్టీలు టీ క్యాను. వాకిట్లో చెప్పులు, మట్టి అంటినవీ పాలిష్ చేసినవీ పక్కపక్కనే. లోపల ఎవరో తమిళంలో ఏదో చెబుతున్నారు, మధ్యలో అందరూ నవ్వుతున్నారు. నేను ఏడుపులు వినబడతాయనుకున్నాను.

ఆయన వాకిట్లో ఆగిపోయాడు. చెప్పులు విడిచాడు. గడప అక్కడే ఉంది. కాలు మాత్రం లేవలేదు.

"నా వల్ల కాదప్పా" అన్నాడు. ఆ టీ కొట్టు తర్వాత నాతో అన్న మొదటి మాట అదే.

పెద్ద మాటలు నాకు రావు, వచ్చినా నా గొంతులో అవి అరుపులవుతాయి. అరవకూడదని మాటిచ్చాను. తుంపర ఆయన ఖాకీ భుజాల మీద పడుతోంది. ఆయన చూపు గడప మీద ఉంది, కుడికాలు కొద్దిగా కదులుతోంది. ఆ కాలును చూశాక నాకు అర్థమైంది. ఈ మనిషి భయపడి ఆగలేదు. స్టాపింగులో ఉన్నాడు. వెనక మెట్టు మీద ఎవరున్నారో ఆయనకు కనబడటం లేదు.

జేబులో నుంచి విజిల్ తీశాను. ఎంత మెల్లగా ఊదవచ్చో అంత మెల్లగా, రెండుసార్లు.

ఆయన లోపలికి పోయాడు. ఆలోచించి కాదు, కాలు పోయింది, మనిషి దాని వెంట పోయాడు. లోపల ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు. గ్లాసులో టీ పోసిన చప్పుడు.

నేను మెట్టు మీద కూర్చున్నాను. నా వ్యవధి అయిపోయింది. బస్సులో జనం నిండిపోయి ఉంటారు, టైమ్ కీపరు నన్ను వెతుకుతూ ఉంటాడు. ఒక్క విజిల్ వేస్తే ఆయన ఎక్కడున్నా లేచి వస్తాడని తెలుసు. విజిల్ పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాను. నా సర్వీసులో బండిని కావాలని లేటు చేసింది ఆ ఒక్కరోజే. లోపల నుంచి కాసేపటికి ఆయన గొంతు వినబడింది. మొదట తడబడింది, తర్వాత సాగింది. నేను వినకూడదని సందు చివరకు పోయి నిలబడ్డాను. మామిడి చెట్టు ఒకటి గోడ మీదుగా వంగి ఉంది. దాని కింద నిలబడి, ఎందుకో, కళ్ళు తుడుచుకున్నాను.

టైమ్ కీపరు తిట్టాడు. కారణం అడిగితే, డ్రైవరుకు ఒంట్లో బాగాలేదు, చూపించుకుని వచ్చాం అన్నాను. అది అబద్ధమని నాకు ఇప్పటికీ అనిపించదు. మెమో ఇద్దరికీ వచ్చింది.

ఆ సాయంత్రం తిరిగి వస్తుంటే, బస్సు సగం ఖాళీ అయ్యాక, ఆయన నన్ను ముందుకు పిలిచాడు.

"ఆడ లారీ తోలేవాడు ఒకడు ఉండాడప్పా. వాడు చెప్పేదంతా నా కథే. నాకు తెలీకుండా నా కథ వాడికెట్ల తెలిసె?"

"నువ్వేం చెప్పినావన్నా?"

"తెలుగులో చెప్పినాను. అరవం నోట్లో రాలేదు. సగం మందికి అర్థమై ఉండదు. అయినా గమ్మున కూర్చోని విన్నారప్పా, ఒక్కరూ అడ్డం రాలేదు."

శూలగిరి కొండ ఎదురుగా వచ్చింది. ఆ సాయంత్రం కొండ మొత్తం కనబడింది.

దాంతో అంతా బాగైపోయిందని చెబితే మీరు నమ్మకండి. ఒక జాతర తెల్లారి ఆయన డిపోకు వచ్చి, మెషిన్ దగ్గరకు పోకుండా నేరుగా మేనేజరు ముందు నిలబడ్డాడు. "సార్, నిన్న తాగినాను. ఈ పొద్దు నేను బండి తోలను" అన్నాడు. మా డిపోలో ఆ మాట అంతకు ముందు ఎవరూ అనలేదు. మేనేజరు లీవు కాగితం తీశాడు. దాని మీద సంతకం పెట్టి, వచ్చే ఆదివారం డ్యూటీ వేయనులే, పోయి రా అన్నాడు. స్టీరింగు ఆయన దగ్గరే ఉండిపోయింది, రిటైరయ్యే రోజు దాకా. ఆ జాతర తర్వాత ఆయన మళ్ళీ ముట్టలేదు.

ఇప్పుడు ఆ గదిలో టీ ఆయనే పెడతాడు. ఆదివారాలు నేను కూడా పోతాను. లోపలికి కాదు, మెట్టు మీదికి. నాకు అక్కడ బాగుంటుంది. మామిడి చెట్టు ఉంది, చెప్పులు ఉన్నాయి, లోపల ఎవరో నవ్వుతూ ఉంటారు.

పోయిన పూత కాలంలో ఒకాయన వచ్చాడు. బర్గూరు పక్క రాళ్ళ క్వారీలో పనేమో, చేతుల గీతల్లో తెల్లటి దుమ్ము ఉంది. చెప్పులు విడిచాడు, ఆగిపోయాడు. గడప మీద చూపు. నాకు ఆ నిలబడటం తెలుసు. మా డ్రైవరన్న తలుపులోకి వచ్చి ఆయన్ను చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"ఊదప్పా" అన్నాడు.

జేబు తడుముకున్నాను. విజిల్ ఇంట్లో మేకుకు ఉంది. అంత దూరం నుంచి అది మోగదు.

ఇక నాకు మిగిలింది ఒక్కటే. ఆ పూలమ్మకు ఇచ్చిన మాట గుర్తుంది. అయినా లేచి నిలబడి, బస్‌స్టాండులో అరిచినట్టే, ఉన్న గొంతంతా పెట్టి, "పోలాం, రైట్" అన్నాను.

సందంతా వినబడింది. మండీల దగ్గర ఎవరో తిరిగి చూశారు, బస్సేమీ లేకపోయేసరికి మళ్ళీ తమ పనిలో పడ్డారు. క్వారీ ఆయన నన్ను చూశాడు. నవ్వాడు. ఆ నవ్వు ఆరకముందే గడప దాటాడు.

డ్రైవరన్న ఆయన వెనకే తలుపు చేరవేస్తూ, "గొంతు తగ్గలేదప్పా నీకు" అన్నాడు.

నేను మళ్ళీ మెట్టు మీద కూర్చున్నాను. లోపల గ్లాసులో టీ పోస్తున్న చప్పుడు వినబడింది.